ఏహెచ్‌ఐ 2.8, అయినా తీరని అలసట: సీప్యాప్ డేటాతో పన్నెండు వారాల డైరీ

ఏడు నెలలుగా ప్రతి రాత్రీ సీప్యాప్ (శ్వాస దారి మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మాస్క్ పెట్టుకునే పడుకుంటున్నాను. నిద్రలో శ్వాస పదేపదే ఆగే స్లీప్ అప్నియా జబ్బును నిర్ధారించిన రోజు పరీక్షలో నా ఏహెచ్‌ఐ, అంటే గంటకు సగటున శ్వాస ఆగిన, బాగా తగ్గిన సందర్భాల సంఖ్య, 34గా వచ్చింది. ఇప్పుడు యంత్రం తెరమీద ప్రతి ఉదయం 2.8కి అటూ ఇటూగా ఒక అంకె కనిపిస్తుంది, పక్కన నవ్వు మొహం బొమ్మ కూడా ఉంటుంది. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడడం, చదివిన వాక్యాన్నే మూడోసారి చదువుతూ ఉండడం ఆగలేదు. అంకె బాగున్నప్పుడు మనిషి ఎందుకు బాగా లేడన్న ప్రశ్నకు నా సొంత డేటాలో ఎంతవరకు సమాధానం దొరుకుతుందో చూడాలన్నదే ఈ ప్రాజెక్టు. మొదటి రోజే రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, యంత్రం పీడనాలను నిద్ర వైద్యుడు చెప్పకుండా ముట్టుకోకూడదు.

1వ రోజు

యంత్రంలో ఎస్‌డీ కార్డు ఉంటేనే శ్వాస తాలూకు పూర్తి వివరాలు నమోదవుతాయన్న సంగతి నాకు ఈరోజే తెలిసింది. నా యంత్రం కార్డు గూడు ఏడు నెలలుగా ఖాళీగానే ఉంది. ఆ కాలానికి నా దగ్గర మిగిలినవి రోజుకు ఒక వరుస చొప్పున సారాంశపు అంకెలు మాత్రమే, అంటే పుస్తకం పోయి విషయసూచిక చేతికి వచ్చినట్టు. బాధపడి లాభం లేదు కనుక కొత్త కార్డు పెట్టి, లెక్కను ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాను.

డేటా చూడడానికి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాను. స్లీపీహెడ్ అనే పాత ప్రోగ్రాం అభివృద్ధి ఆగిపోయాక, దాని కోడ్ ఆధారంగా 2019లో కొందరు వాలంటీర్లు దీన్ని ముందుకు తీసుకువచ్చారు. ఇది ఇంటర్నెట్‌తో పని లేకుండా మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది. కార్డును కంప్యూటర్‌కు పెట్టే ముందు దాని అంచున ఉండే చిన్న తాళపు మీటను కిందికి జరపాలి, లేకపోతే కంప్యూటర్ తన సొంత ఫైళ్లను అందులో రాసేస్తుంది, తర్వాత యంత్రం ఆ కార్డును తిరస్కరించే ప్రమాదం ఉంది. తిరిగి యంత్రంలో పెట్టేటప్పుడు మీటను పైకి జరపడం మరిచిపోతే ఆ రాత్రి డేటా దక్కదు. ఈ రెండో తప్పు నేను నాలుగో రోజునే చేశాను.

3వ రోజు

యంత్రం డేటాకు జత చేయడానికి నా వైపు నుంచి కూడా ఒక డేటా ఉండాలి. అలసట అనే ఒకే మాట కింద నేను రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తున్నానని రాయడం మొదలుపెట్టాకే అర్థమైంది. కూర్చున్నచోట కునుకు పట్టడం ఒకటి, ఒళ్లు బరువెక్కి ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాని నీరసం మరొకటి. మొదటిదాన్ని కొలవడానికి మెల్‌బోర్న్‌లో మరే జాన్స్ 1991లో రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళి ఉంది. ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి, 24కు గాను 10 దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువగా ఉన్నట్టు లెక్క. నాకు 13 వచ్చింది. చికిత్సకు ముందు 16 ఉండేది. నీరసానికి మాత్రం నేనే ఒక కొలత పెట్టుకున్నాను, రోజూ మధ్యాహ్నం 3 గంటలకు 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయాలి. ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆ అంకె నోటుబుక్కులో పడేదాకా ముందు రాత్రి డేటా తెరవకూడదు. రాత్రి బాగా లేదని తెరమీద చూసినవాడికి పగలు కూడా బాగా లేనట్టే అనిపిస్తుంది.

8వ రోజు

ఈ వారం కొత్త గ్రాఫుల జోలికి పోకుండా ఏహెచ్‌ఐ అంటే ఏమిటో సరిగా తెలుసుకోవడానికే వెచ్చించాను. గాలి ప్రవాహం కనీసం 10 సెకన్ల పాటు 90 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే అది అప్నియా. నిద్ర ప్రయోగశాలలో హైపోప్నియాగా, అంటే ఆగకుండా బాగా తగ్గిన శ్వాసగా లెక్కించాలంటే ప్రవాహం 30 శాతమైనా తగ్గి 10 సెకన్లు అలా ఉండడమే కాక, దానితోపాటు రక్తంలో ఆక్సిజన్ 3 శాతమో 4 శాతమో పడిపోవాలి, లేదా మెదడు తరంగాల్లో మెలకువ కనిపించాలి. ఏది తీసుకోవాలన్నది వాడే నిబంధనను బట్టి ఉంటుంది. ఇంట్లో ఉన్న యంత్రానికి తలమీద ఎలక్ట్రోడ్లు లేవు, వేలికి సెన్సార్ లేదు. దానికి తెలిసినదల్లా గొట్టంలో పోయి వచ్చే గాలి ఒక్కటే. కాబట్టి పది సెకన్లు నిండని అడ్డంకినీ, ప్రవాహాన్ని పావువంతు తగ్గించి మనిషిని కదిలించి వదిలేసే అడ్డంకినీ అది లెక్కలోకి తీసుకోదు. అలాంటివి వంద జరిగినా అంకె 2.8గానే ఉండవచ్చు.

ఇంకో చిక్కు హారంలో ఉంది. ప్రయోగశాల నిద్రపోయిన గంటలతో భాగిస్తుంది, యంత్రం మాస్క్ పెట్టుకున్న గంటలతో భాగిస్తుంది. గంటన్నర సేపు మెలకువగా పైకప్పు చూస్తూ గడిపితే ఆ గంటన్నర కూడా హారంలో చేరి అంకెను అందంగా తగ్గిస్తుంది.

కొలిన్ సల్లివన్ బృందం 1981లో 5 మంది రోగుల మీద ఈ పద్ధతిని మొదటిసారి ప్రచురించినప్పుడు ఇంటికి పంపే యంత్రాలూ లేవు, కార్డులూ లేవు, ఉదయాన్నే పలకరించే అంకె అసలే లేదు. మనిషి తేటగా లేచాడా లేదా అన్నది కళ్లతో చూసి తెలుసుకునేవారు. ఆ పాత ప్రశ్నను వదిలేసి అంకెను పట్టుకుని కూర్చోవడం వల్లనే ఏడు నెలలు గడిచిపోయాయని నాకనిపించింది.

13వ రోజు

ముందుగా లీక్ సంగతి తేల్చాలి, ఎందుకంటే గాలి కారిపోతుంటే మిగతా గ్రాఫులను నమ్మడానికి లేదు. రెస్‌మెడ్ కంపెనీ యంత్రాలు (నాదీ అదే) నిమిషానికి 24 లీటర్లను హద్దుగా పెట్టుకున్నాయి. నా 95వ పర్సెంటైల్, అంటే రాత్రిలో 95 శాతం సమయం లీక్ దాటని అంకె, 19 దగ్గర ఉంది, చూడడానికి బాగానే ఉంది. కానీ గ్రాఫును సాగదీసి చూస్తే తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో దాదాపు ఇరవై నిమిషాల పాటు 40 దాటి పోతోంది. మాస్క్ సిలికాన్ అంచు మెత్తబడి సాగిపోయింది. కొత్తది వేశాక ఆ గుట్ట మాయమైంది. నీరసం అంకెలో మార్పేమీ లేదు.

17వ రోజు

ఈరోజు కాస్త భయపడ్డాను. నా 2.8లో సరిగ్గా సగం, అంటే 1.4, సెంట్రల్ రకంగా నమోదై ఉంది. దారి మూసుకుపోవడం వల్ల ఆగే శ్వాస వేరు, దారి తెరిచే ఉండి మెదడు నుంచి పిలుపు రాక ఆగే శ్వాస వేరు. ఈ రెండింటినీ యంత్రం ఎలా విడదీస్తుందంటే, శ్వాస ఆగిన కొన్ని సెకన్ల తర్వాత సెకనుకు 4 సార్లు చొప్పున పీడనాన్ని చిన్నగా ఊపుతుంది. ఆ ఊపుకు గాలి లోపలికి కదిలితే దారి తెరిచి ఉందని, కదలకపోతే మూసుకుందని నిర్ణయిస్తుంది. అయితే ఆ క్షణంలో మనిషి నిద్రలో ఉన్నాడా, మేలుకుని పక్కకు తిరుగుతూ ఊపిరి బిగపట్టాడా అన్నది దానికి తెలియదు.

అందుకని వారం రోజుల్లో నమోదైన 62 సెంట్రల్ గుర్తులను ఒక్కొక్కటిగా పెద్దది చేసి చూశాను. ఒక సాయంత్రమంతా దానికే సరిపోయింది. వాటిలో 46 చోట్ల కథ ఒక్కటే. ముందు రెండు మూడు నిమిషాల పాటు ఒకే ఎత్తులో వరుసగా సాగిన శ్వాస, హఠాత్తుగా రెట్టింపు ఎత్తున్న ఒక పెద్ద నిట్టూర్పు, ఆ తర్వాత ఎగుడుదిగుడుగా నాలుగైదు శ్వాసలు, ఆపైన 11 నుంచి 14 సెకన్ల విరామం. పెద్ద శ్వాసతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు తర్వాతి శ్వాసకు తొందరపడదు, ఆ విరామాన్ని యంత్రం జబ్బు కింద రాసుకుంటుంది. మిగిలిన 16 మాత్రమే నిద్ర మధ్యలో నికరంగా వచ్చినవి, అంటే గంటకు ఒకటి కన్నా చాలా తక్కువ.

భయం తగ్గింది గానీ ప్రశ్న మారింది. ఆ 46 గుర్తులు శ్వాస జబ్బు గుర్తులు కాకపోతే, అవి నేను మేలుకున్న క్షణాల గుర్తులు. యంత్రం తెలియక పెట్టిన ఆ గుర్తులే నాకు మెలకువల పట్టికగా ఉపయోగపడ్డాయి. రాత్రికి ఆరేడుసార్లు నన్ను లేపుతున్నది ఏది?

ఇక్కడే ఒక మాట చెప్పాలి. సెంట్రల్ గుర్తులు చూసి కంగారుపడి ఏఎస్‌వీ వంటి, శ్వాసశ్వాసకూ ఒత్తిడిని మార్చే ప్రత్యేక యంత్రానికి మారిపోవాలని తమకు తామే నిర్ణయించుకోవడం మంచిది కాదు. గుండె పంపింగ్ సామర్థ్యం 45 శాతం లేదా అంతకన్నా తక్కువగా ఉన్న గుండె వైఫల్యపు రోగుల్లో ఆ యంత్రం వాడినప్పుడు గుండె సంబంధిత మరణాలు పెరిగాయని 2015లో వెలువడిన సర్వ్-హెచ్‌ఎఫ్ పరిశోధన చూపించింది. చికిత్స మొదలైన తొలినాళ్లలో కనిపించే సెంట్రల్ గుర్తులు చాలామందిలో వారాలు, నెలలు గడిచేకొద్దీ వాటంతటవే తగ్గిపోతాయి.

24వ రోజు

సగటు ఎంత నిజం దాస్తుందో చెప్పడానికి నిన్నటి రాత్రి ఒక్కటి చాలు. 7 గంటల్లో 21 సంఘటనలు, ఏహెచ్‌ఐ 3.0, తెరమీద నవ్వు మొహం. కానీ ఆ 21లో 14 సంఘటనలు రాత్రి 3:10 నుంచి 3:34 మధ్య 24 నిమిషాల్లోనే గుంపుగా పడ్డాయి. ఆ 24 నిమిషాలను విడిగా లెక్కిస్తే గంటకు 35, అంటే చికిత్సకు ముందున్న నా స్థితి కన్నా ఒక మెట్టు ఎక్కువే. మిగిలిన ఆరున్నర గంటల్లో ఉన్నవి కేవలం 7.

యంత్రం తనంతట తానే పీడనాన్ని పెంచుతూ పోయినా అడ్డంకి తెగలేదు. గాలి ఒత్తిడి పెంచినా తెరుచుకోని అడ్డంకి గుంపుగా వస్తే భంగిమను అనుమానించాలి. కలల నిద్రలోనూ కండరాలు వదులై ఇలాంటి గుంపులు రావచ్చు, కానీ అవి దాదాపు గంటన్నరకోసారి వస్తూ తెల్లవారే కొద్దీ నిడివి పెరుగుతాయి. నాది అలా లేదు, కొన్ని రాత్రులు వస్తోంది, కొన్ని రాత్రులు అసలు రావడం లేదు. ఈ మాట నా భార్యతో అంటే, "మీరు రెండు దిండ్లు పెట్టుకుని గడ్డం గుండెలకు ఆనించుకుని పడుకుంటారు కదండీ, నేనెన్నిసార్లు సరిచేశానో" అని తేలిగ్గా చెప్పేసింది. నాలుగు రాత్రుల గ్రాఫులు ముందేసుకుని నేను చేరుకున్న నిర్ధారణ ఆవిడకు ఏడాదిగా తెలుసు. ఒక దిండు తీసేశాను. తర్వాతి పది రాత్రుల్లో అలాంటి గుంపు ఒక్కటే వచ్చింది.

29వ రోజు నుంచి 40వ రోజు దాకా

ప్రాజెక్టులో అసలైన శ్రమంతా ఇక్కడే పడింది. మెలకువలకు ముందు ఏం జరుగుతోందో చూడడానికి ప్రవాహపు గ్రాఫును రెండు నిమిషాల నిడివికి సాగదీసి పెట్టుకున్నాను. ఒక రాత్రి 2:47 దగ్గర చూసినది ఇలా ఉంది. మామూలు శ్వాసలో ఉచ్ఛ్వాసపు అల గుండ్రంగా లేచి గుండ్రంగా దిగుతుంది, బోర్లించిన గిన్నెలాగా. ఇక్కడ అల లేవడం మామూలుగానే లేచింది గానీ, పైకి చేరగానే ఎవరో కత్తితో కోసినట్టు చదునైపోయింది. తర్వాతి శ్వాసలో ఆ చదును ఇంకొంచెం పొడవైంది. ఐదో శ్వాసలో మొదట ఒక చిన్న కొమ్ము, తర్వాత వాలు, ఆఖరున మరో చిన్న కొమ్ము. అంటే సన్నని గొట్టంలోంచి గట్టిగా పీల్చే ప్రయత్నం జరుగుతోంది, ఎంత పీల్చినా లోపలికి పోయే గాలి పెరగడం లేదు. తొమ్మిదో శ్వాస ఒక్కసారిగా రెట్టింపు ఎత్తుకు లేచింది, ఆ వెంటనే రెండు మూడు గుండ్రటి శ్వాసలు వచ్చాయి. నిమిషంన్నరలో మళ్లీ మొదటికి. ఈ మొత్తంలో ఒక్క సంఘటన కూడా నమోదు కాలేదు.

దీన్నే ఫ్లో లిమిటేషన్ అంటారు. అడ్డంకి పూర్తి కాకపోయినా, దాన్ని ఎదిరించి పీల్చే శ్రమ వల్ల మెదడు క్షణకాలం మేలుకుంటే దానికి రెరా అని పేరు. శ్వాస ఆగకుండానే ఇలాంటి మెలకువలతో పగలంతా మగతగా ఉండే రోగులను క్రిస్టియన్ గియెమినో బృందం 1993లో ఎగువ శ్వాసమార్గ నిరోధక సిండ్రోమ్ అనే పేరుతో వర్ణించింది. నా దగ్గర మెదడు తరంగాల రికార్డు లేదు కనుక నేను చూసినవాటిని రెరాలు అనే హక్కు నాకు లేదు. నోటుబుక్కులో వాటిని అనుమానిత మెలకువలు అనే రాసుకున్నాను.

రాత్రంతా కళ్లతో లెక్కపెట్టడం కుదిరే పని కాదు. నా యంత్రం ప్రవాహాన్ని సెకనుకు 25 సార్లు నమోదు చేస్తుంది. సగటున 6 గంటల 20 నిమిషాల రాత్రికి అది 5,70,000 బిందువులు, నిమిషానికి 15 చొప్పున సుమారు 5,700 శ్వాసలు. ఫైళ్లు ఈడీఎఫ్ అనే రూపంలో ఉంటాయి. 1992లో వైద్య సంకేతాల కోసం వచ్చిన రూపం కనుక, పైథాన్‌లో దాన్ని చదివే లైబ్రరీలు సిద్ధంగా దొరుకుతాయి. చదునును కొలవడానికి నేను పట్టుకున్న ఉపాయం చిన్నదే. ప్రతి ఉచ్ఛ్వాసంలోనూ ప్రవాహపు సగటును దాని శిఖరంతో భాగించాను. సైన్ అలలా గుండ్రంగా ఉంటే ఆ నిష్పత్తి 0.64 దగ్గర వస్తుంది, పూర్తిగా చదునైతే 1కి చేరువ అవుతుంది. 0.78 దాటినదాన్ని చదునైన శ్వాసగా లెక్కించాలని నాకు నేనే గీత గీసుకున్నాను.

మొదటి ఫలితం చూసి కాసేపు నమ్మేశాను కూడా, రాత్రిలో 71 శాతం శ్వాసలు చదునైనవట! తప్పు ఎక్కడుందో తెలియడానికి రెండు రోజులు పట్టింది. లీక్ మారినప్పుడు ప్రవాహపు సున్నా గీత పైకీ కిందికీ జరుగుతోంది, ఈ లెక్క కోసం నేను రాసిన స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) ఆ జరిగిన గీత నుంచే ఉచ్ఛ్వాసాన్ని కొలుస్తోంది. ప్రతి నిమిషానికీ సున్నాను మళ్లీ సరిచేసేలా మార్చాక అంకె 38 శాతానికి దిగింది. దాన్ని కూడా ఊరికే నమ్మకూడదని 200 శ్వాసలను యాదృచ్ఛికంగా తీసి, స్క్రిప్ట్ తీర్పు చూడకుండా నేనే కళ్లతో వర్గీకరించాను. 171 చోట్ల ఇద్దరి మాటా కలిసింది. కలవని వాటిలో ఎక్కువ భాగం రెండు కొమ్ముల శ్వాసలే, శిఖరం ఎత్తుగా ఉండడంతో నిష్పత్తి తగ్గి అవి స్క్రిప్ట్ కన్నుగప్పుతున్నాయి. అంటే అసలు సంఖ్య 38 కన్నా కాస్త ఎక్కువే అయి ఉంటుంది. చదునైన శ్వాసల వరుస పెద్ద శ్వాసతో ముగిసే సందర్భాలు గంటకు సుమారు 9 వచ్చాయి.

ఈ మధ్యలోనే వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్‌తో నాలుగు రాత్రులు ఆక్సిజన్ కూడా నమోదు చేశాను. 92 శాతానికి దిగువకు ఎప్పుడూ పోలేదు. ఆ గ్రాఫు మొదట ప్రవాహంతో ఏమాత్రం పొసగలేదు, తీరా చూస్తే యంత్రం గడియారం 7 నిమిషాలు వెనక ఉంది. ఆక్సిజన్ పడిపోకుండానే నిద్ర చెడిపోవచ్చన్నది మాత్రం దీనితో స్పష్టమైంది.

45వ రోజు

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు 42 రోజుల నోటుబుక్కును డేటాతో కలిపి చూశాను. ఏహెచ్‌ఐని బట్టి రోజులను తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని పద్నాలుగేసి చొప్పున విడదీస్తే నీరసం సగటులు 6.1, 5.8, 6.0. ఆ రెండింటికీ సంబంధమే లేదన్నమాట. చదునైన శ్వాసల శాతాన్ని బట్టి విడదీస్తే 5.3, 6.0, 6.6, అంటే ఒక మోస్తరు సంబంధం కనబడుతోంది. మాస్క్ పెట్టుకున్న గంటలను బట్టి విడదీసినప్పుడు, అతి తక్కువ గంటల రోజుల్లో 7.1, మధ్యస్థంగా 6.2, ఎక్కువ గంటల రోజుల్లో 4.6.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఐదు లక్షల బిందువుల్లోకి తొంగిచూసి చదును కొలిచే స్క్రిప్ట్ రాసినవాడికి, అన్నిటికన్నా గట్టిగా కనిపించిన కారణం తక్కువ నిద్ర. ఎవరడిగినా ఏడున్నర గంటలు పడుకుంటానని చెప్పేవాణ్ని. పదకొండుకు మంచం ఎక్కడం, ఆరున్నరకు దిగడం నిజమే. కానీ మాస్క్ పెట్టుకునేసరికి 11:35 అవుతోంది, తెల్లవారుజామున అరగంటకు పైగా అది తీసేసి పడుకుంటున్నాను, మధ్యలో మెలకువలు వేరే. నికరంగా మిగిలేది ఐదున్నర గంటలు దాటి కొద్ది నిమిషాలు.

47వ రోజు

అరవై పేజీల నివేదిక కాకుండా మూడే చిత్రాలు పట్టుకెళ్లాను. ఒకటి గుంపు పడిన రాత్రి, రెండోది 2:47 నాటి రెండు నిమిషాలు, మూడోది గంటలకూ నీరసానికీ మధ్య పట్టిక. డాక్టరు మూడోదాన్నే ఎక్కువసేపు చూశారు. చికిత్స గంటలకూ ఫలితానికీ ఉన్న సంబంధం గురించి 2007లో వచ్చిన ఒక అధ్యయనాన్ని గుర్తుచేస్తూ, ఎప్‌వర్త్ స్కోరు సాధారణ స్థాయికి రావడంలో 4 గంటల దాకా, పగటి నిద్ర పరీక్షలో 6 గంటల దాకా, రోజువారీ పనితీరులో 7.5 గంటల దాకా వాడకం పెరిగినకొద్దీ మేలు పెరుగుతూ పోయిందని చెప్పారు. "నాలుగు గంటలు వాడితే చాలన్నది కనీసపు హాజరు, మీరు దాన్నే ఫస్ట్‌క్లాస్ అనుకోకండి" అన్నారు.

తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ డేటాలో లేనివే. తుమ్ములకని రాత్రిపూట వేసుకునే మాత్ర పేరు అడిగి, అది మర్నాటిదాకా మగత ఉంచే రకమని మార్పించారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్షలు రాశారు. మనసు బాగుంటోందా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి ఉంటోందా అని అడిగారు. రాత్రిళ్లు కాళ్లు లాగుతాయా అన్న ప్రశ్నకు నేను లేదన్నాను, పక్కనే ఉన్న నా భార్య తంతారని చెప్పింది.

చదునైన శ్వాసల చిత్రం చూసి ఆయన చేసిన మార్పు ఒక్కటే. అప్పటిదాకా ఆపి ఉంచిన ఈపీఆర్‌ను 3కి పెట్టి, కనీస పీడనాన్ని 5 నుంచి 8కి పెంచారు. నిశ్వాసంలో ఒత్తిడిని 3 మేరకు తగ్గించే సదుపాయం అది, కాబట్టి కనీసాన్ని కూడా 3 పెంచితేనే నిశ్వాసంలో పాత 5 నిలబడుతుంది, ఉచ్ఛ్వాసంలో 8 అందుతుంది. ఆ తేడా పీల్చడానికి ఊతం ఇస్తుంది. ఊతం మరీ ఎక్కువై కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతే సెంట్రల్ గుర్తులు పెరగవచ్చనీ, రెండు వారాలు ఓపిక పట్టమనీ ముందే చెప్పారు.

61వ రోజు

ఆయన చెప్పినట్టే జరిగింది. మొదటి వారం సెంట్రల్ అంకె 1.4 నుంచి 2.5కి ఎగబాకి, మిగతావి కాస్త తగ్గినా మొత్తం ఏహెచ్‌ఐ 3.4 అయింది. చదునైన శ్వాసలు 38 శాతం నుంచి 21కి, అనుమానిత మెలకువలు గంటకు 9 నుంచి 5కి తగ్గాయి. మధ్యాహ్నం మూడింటి నీరసం అంకె ఆ వారం సగటున 5.2. అంటే అందరూ చూసే అంకె చెడింది, మనిషి కాస్త బాగుపడ్డాడు. ఏహెచ్‌ఐ ఒక్కటే చూసేవాణ్ని అయితే నాలుగో రోజునే పాత సెట్టింగుకు మార్చమని ఫోన్ చేసేవాణ్ని.

రెండో వారం చివరికి సెంట్రల్ 1.3కి దిగింది, మొత్తం 2.2. ఇక్కడ నాకొక సందేహం ఉంది. అదే రోజుల్లో మాత్ర కూడా మారింది, కనుక మెరుగుదలంతా పీడనానిదే అనలేను. ఒక్కసారికి ఒక్క మార్పు అన్న నా నియమం డాక్టరు గదిలోనే తెగిపోయింది, ఆరోగ్యం కోసం నియమం తెగడమే సబబు కూడా. మాస్క్‌ను పదకొండింటికే పెట్టుకోవడం మాత్రం కావాలనే పది రోజులు ఆగి 57వ రోజున మొదలుపెట్టాను.

82వ రోజు

మాస్క్ గంటలు సగటున 7 గంటల 5 నిమిషాలకు చేరాయి. నీరసం అంకె 4.4, ఎప్‌వర్త్ 9. థైరాయిడ్, హిమోగ్లోబిన్ సరిగానే ఉన్నాయి, ఫెరిటిన్ మాత్రం తక్కువగా, 28 అని తేలింది.

మిగిలిన మెలకువలను మళ్లీ ఒక్కొక్కటిగా తెరిచాను. వాటిలో సగానికి పైగా ఇప్పుడు చదునైన శ్వాసల తర్వాత రావడం లేదు. ముందు శ్వాసలన్నీ గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఎత్తయిన శ్వాస మాత్రం 26, 29, 25, 31, 27 సెకన్లకోసారి, గడియారం కొట్టినట్టు, ఒక్కోసారి పావుగంట సేపు వస్తోంది. పాత గ్రాఫులు వెనక్కి తిప్పి చూస్తే ఇదే లయ అక్కడా ఉంది, చదునైన శ్వాసల గందరగోళంలో నా కంటికి ఆనలేదు. నిద్రలో కాళ్లు ఆవర్తనంగా కదిలే స్థితిని ప్రయోగశాలలో లెక్కించేటప్పుడు, 5 నుంచి 90 సెకన్ల ఎడంతో వరుసగా కనీసం నాలుగు కదలికలు ఉంటే దాన్ని శ్రేణిగా గుర్తిస్తారు. నా గ్రాఫులోని ఎడం ఆ హద్దుల మధ్యలోనే పడుతుంది, భార్య చెప్పిన తన్నులతోనూ పొసగుతుంది. కానీ శ్వాస గ్రాఫుకు కాళ్లు కనిపించవు.

డాక్టరు ఐరన్ మాత్రలు మొదలుపెట్టించి, మాస్క్ పెట్టుకునే ఉండి కాళ్ల కండరాలకు కూడా సెన్సార్లు తగిలించే రాత్రి పరీక్షకు వచ్చే నెల తేదీ ఇచ్చారు. ఆ రాత్రి నా ఎస్‌డీ కార్డు కూడా యంత్రంలోనే ఉండేలా అడిగి ఒప్పించాను, రెండు గడియారాలనూ ముందుగా కలుపుకోవాలని నోటుబుక్కు అట్ట మీద ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను.